పది బైట్లకు ఎన్ని చీటీలు?

(అసెంబ్లర్ తయారుచేసే ఆబ్జెక్ట్ ఫైళ్ళ గురించి పూర్వ విద్యార్థుల వ్యాసం)

తమ్ముళ్ళూ,

వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేము నలుగురం ఫోన్లలో మాట్లాడుకున్నాం. వార్డెన్ గారి కేకలు, ట్రంకు పెట్టెల తాళాలు, ఆదివారం కోడిగుడ్డు వంటి ముచ్చట్లు ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి చదువుకు పనికొచ్చేది రాద్దామనుకున్నాం. మలికిపురం హాస్టల్ నుంచి వెళ్ళిన మాలో కొందరం పాలిటెక్నిక్‌లో, కొందరం డిగ్రీలో కంప్యూటర్లు చదివాం. అక్కడ మమ్మల్ని బాగా ఏడిపించినది ఆబ్జెక్ట్ ఫైలు. పాఠంలో దాని గురించి రెండు వాక్యాలు మాత్రమే ఉండేవి. ల్యాబ్‌లో మాత్రం బండి అక్కడే ఆగిపోయేది. మేము పడిన తిప్పలు మీరు పడకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒక మాట ముందే చెబుతున్నాం. కమాండ్లనూ ఫైళ్ళ పేర్లనూ ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఆ రోజు ల్యాబ్‌లో జరిగింది

2000 తర్వాతి తొలి ఏళ్ళ సంగతి. మా గదిలో ఉండి చదివిన ఒకడు పాలిటెక్నిక్‌లో చేరాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. అప్పట్లో 8086 ల్యాబ్ అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ మాస్మ్, లేదా బోర్లాండ్ వాళ్ళ టాస్మ్. కంప్యూటర్ దగ్గర ముగ్గురేసి కూర్చునేవారు. మనవాడికి కీబోర్డు అందే వంతు అరుదుగా వచ్చేది. అందుకని ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టి, నాస్మ్ అనే ఉచిత అసెంబ్లర్‌ను ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాడు. అక్కడే ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. తెర మీద 'ఎ' అక్షరం చూపించి ఆగిపోవడమే దాని పని. అసెంబ్లర్ ఇచ్చిన ఫైలుకు చివర 'డాట్ ఓబీజే' అని పేరు పెట్టి, ఫ్లాపీ పట్టుకుని ఉత్సాహంగా ల్యాబ్‌కు వెళ్ళాడు.

లింకర్ ఆ ఫైలును తీసుకోలేదు. 'ఇన్‌వాలిడ్ ఆబ్జెక్ట్ మాడ్యూల్' అంది. మళ్ళీ అసెంబుల్ చేసి తెచ్చినా అదే మాట. అక్కడున్న ఒకాయన చూసి, "బట్టీ పట్టి పాసవ్వండిరా, మీకెందుకు ఈ ప్రయోగాలు" అన్నారు. పక్కవాళ్ళు నవ్వారు. మనవాడు ఆ తర్వాత రెండు వారాలు ల్యాబ్ మొహం చూడలేదు. చదువు మానేసి అన్నతో పాటు కొబ్బరి వలుపుకు వెళ్ళిపోతానని ఇంట్లో చెప్పాడు కూడా.

సంక్రాంతి సెలవుల్లో మా సీనియర్ అన్న ఒకాయన ఆ ఫ్లాపీ అడిగి తీసుకున్నాడు. డీఐఆర్ కమాండ్ కొట్టి ఫైలు సైజు చూశాడు. 10 బైట్లు. "ఒరేయ్, ఆబ్జెక్ట్ ఫైలంటే పేరు, సెగ్మెంట్ల జాబితా, ఇంకా బోలెడు ఉండాలి గదా. పది బైట్లలో అవన్నీ ఎలా పడతాయిరా?" అన్నాడు. తర్వాత ఆ ఫైలు పేరు చివర 'డాట్ కామ్' అని మార్చి నడిపాడు. తెర మీద 'ఎ' వచ్చింది.

ప్రోగ్రాం మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. తేడా అంతా దాని మీద పెట్టిన చీటీలో ఉంది. ఆ చీటీనే ఆబ్జెక్ట్ ఫైల్ ఫార్మాట్ అంటారు.

చీటీ అంటే ఏమిటి?

మన ఊళ్ళో కొబ్బరికాయల లోడు సంగతి మీకు తెలుసు. కాయలు అవే. అంబాజీపేట మార్కెట్‌కు వెళ్ళే బండికి ఒక రకం చీటీ, రాష్ట్రం దాటే లారీకి ఇంకో రకం కాగితాలు, పక్క వీధిలో పెళ్ళివారికి పంపితే అసలు చీటీయే అక్కర్లేదు. ఎన్ని కాయలు, ఎవరి తోటవి, ఎక్కడ దించాలి అనే వివరాలు అవతల సరుకు అందుకునేవాడికి అర్థమయ్యేలా ఉండాలి.

అసెంబ్లర్ పని కూడా ఇలాంటిదే. మనం రాసిన 'మూవ్', 'ఇంట్' వంటి ఆదేశాలను ప్రాసెసర్‌కు అర్థమయ్యే అంకెలుగా, అంటే మెషీన్ కోడ్‌గా మారుస్తుంది. మనవాడి ప్రోగ్రాంలో ఉన్నవి అయిదు ఆదేశాలు. అవి మెషీన్ కోడ్‌లో ఈ పది బైట్లు అవుతాయి:

బి4 02 - బి2 41 - సిడి 21 - బి4 4సి - సిడి 21

ఇవి హెక్సాడెసిమల్ అంకెలు. 10కి ఎ, 11కి బి, అలా 15కి ఎఫ్ అని రాస్తారు. మొదటి జత 'ఏహెచ్ రిజిస్టర్లో 2 పెట్టు' అని, రెండోది 'డీఎల్‌లో 41 పెట్టు' అని. ఆ 41 అనేది 'ఎ' అక్షరపు సంకేతం. మూడోది డాస్‌ను పిలిచి ఆ అక్షరం చూపించమంటుంది. చివరి రెండు జతలూ ప్రోగ్రాంను ముగించమంటాయి.

ఏ ఫార్మాట్ అడిగినా అసెంబ్లర్ ఈ పది బైట్లనే తయారుచేస్తుంది. మారేది వాటి చుట్టూ ఉండే వివరాలు. అందుకే ఫార్మాట్ ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఫైలును తర్వాత ఎవరు చదువుతారు?

ఆబ్జెక్ట్ ఫైల్లో ఏమేం ఉంటాయి?

ఫార్మాట్ ఏదైనా సాధారణంగా ఈ నాలుగు భాగాలు ఉంటాయి.

1. తలకట్టు. దీన్నే హెడర్ అంటారు. ఇది ఫలానా రకం ఫైలు, ఫలానా ప్రాసెసర్‌కు చెందినది అని చెబుతుంది.

2. సెక్షన్లు. కోడ్ ఒకచోట, డేటా ఒకచోట విడివిడిగా ఉంటాయి. విలువ ఏదీ పెట్టకుండా చోటు మాత్రం అడిగిన డేటాకు 'బీఎస్ఎస్' అని మరో విభాగం ఉంటుంది. దానికి ఫైల్లో బైట్లు ఉండవు, ఎంత చోటు కావాలో మాత్రమే రాసి ఉంటుంది.

3. సింబల్ టేబుల్. ఈ ఫైల్లో ఉండి బయటివాళ్ళు వాడుకోదగిన పేర్లు, ఈ ఫైలుకు బయటి నుంచి కావలసిన పేర్లు ఇందులో ఉంటాయి. నాస్మ్‌లో మొదటివాటికి 'గ్లోబల్' అని, రెండోవాటికి 'ఎక్స్‌టర్న్' అని రాస్తాం.

4. రీలొకేషన్లు. తర్వాత పూరించవలసిన ఖాళీల జాబితా ఇది. చాలామందికి అర్థం కానిది ఇదే కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెబుతాం.

ఖాళీ వదిలిన గది నంబరు

జూన్‌లో హాస్టల్ అడ్మిషన్లు గుర్తు తెచ్చుకోండి. దరఖాస్తులో పేరు, తరగతి, ఊరు రాస్తాం. గది నంబరు దగ్గర ఖాళీ వదిలేస్తాం. ఎందుకంటే ఎవరికి ఏ గది వస్తుందో రాసేటప్పటికి మనకు తెలియదు. దరఖాస్తులన్నీ చేరాక వార్డెన్ గారు గదులు పంచి, ఒక్కొక్క కాగితం మీదా నంబరు వేస్తారు.

అసెంబ్లర్‌దీ అదే పరిస్థితి. మన ప్రోగ్రాం 'కూడిక' అనే పనిని పిలుస్తోంది, ఆ కూడిక వేరే ఫైల్లో ఉంది అనుకుందాం. అది మెమరీలో ఎక్కడికి చేరుతుందో అసెంబ్లర్‌కు తెలియదు. 64 బిట్ల లినక్స్‌కు చేసే ఫైల్లో అది 'కాల్' ఆదేశాన్ని ఇ8 00 00 00 00 అని రాసి, నాలుగు సున్నాల చోటు ఖాళీగా వదులుతుంది. రీలొకేషన్ జాబితాలో 'ఫలానా చోట నాలుగు బైట్లు ఖాళీ, కూడిక చిరునామా తెలిశాక పూరించాలి' అని రాసి పెడుతుంది.

లింకర్ వార్డెన్ గారి పని చేస్తుంది. ఫైళ్ళన్నీ పక్కపక్కన పేర్చి చిరునామాలు కేటాయిస్తుంది. కాల్ ఆదేశం 1000వ చోట మొదలైందనుకోండి. దాని పొడవు 5 బైట్లు. కాబట్టి తర్వాతి ఆదేశం 1005లో ఉంటుంది. కూడిక 1040లో చేరితే, 1005 నుంచి 35 చోట్లు ముందుకు వెళ్ళాలి. ఆ 35ను లింకర్ ఖాళీలో వేస్తుంది. అంతే.

ఇప్పుడు మనవాడి ఫైలును చూడండి. అందులో తలకట్టు లేదు, పేర్లు లేవు, ఖాళీల జాబితా లేదు. పది కాయలు మాత్రమే ఉన్నాయి. చీటీ చదివి సరుకు దించుకునే లింకర్‌కు చీటీయే కనిపించలేదు.

నాస్మ్ ఇచ్చే ఫార్మాట్లు

నాస్మ్‌ను 1996లో సైమన్ టాథమ్, జూలియన్ హాల్ మొదలుపెట్టారు. ఇతర స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దాన్ని ఇప్పటికీ కొనసాగిస్తున్నారు. ఒకే అసెంబ్లర్ అనేక రకాల ఆబ్జెక్ట్ ఫైళ్ళు ఇవ్వడం దాని ప్రత్యేకత. 'హైఫన్ ఎఫ్' అని కొట్టి పక్కన ఫార్మాట్ పేరు రాయాలి. 'నాస్మ్ హైఫన్ హెచ్ఎఫ్' అని కొడితే మీ దగ్గరున్న వెర్షన్‌లో ఏయే ఫార్మాట్లు ఉన్నాయో జాబితా వస్తుంది. ముఖ్యమైనవి ఇవి.

బిన్: ఇది చీటీ లేని సరుకు. మెషీన్ కోడ్ తప్ప మరేమీ ఉండదు. ఏ ఫార్మాట్ అని చెప్పకపోతే నాస్మ్ ఇచ్చేది ఇదే. మనవాడు పడిన గొయ్యి ఇక్కడే ఉంది. అతను 'హైఫన్ ఎఫ్' రాయలేదు. పేరు చివర ఓబీజే అని పెడితే ఆబ్జెక్ట్ ఫైలు అయిపోతుందనుకున్నాడు. కిరసనాయిలు డబ్బా మీద కొబ్బరినూనె అని రాస్తే లోపలిది మారదు గదా. బిన్ ఫార్మాట్ డాస్ వాళ్ళ కామ్ ఫైళ్ళకూ, కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే 512 బైట్ల బూట్ సెక్టార్‌కూ సరిగ్గా సరిపోతుంది. కామ్ ఫైలును డాస్ తన సెగ్మెంట్‌లో హెక్స్ 100 దగ్గర, అంటే 256వ చోట దించుతుంది. అందుకే డేటా చిరునామాలు వాడే కామ్ ప్రోగ్రాంలో పైన 'ఆర్గ్ 100హెచ్' అని రాస్తాం. మనవాడి ప్రోగ్రాంలో చిరునామాలేవీ లేవు కాబట్టి అది రాయకపోయినా నడిచింది. బయటి పేర్లు కావాలని ఎక్స్‌టర్న్ రాసి వాడితే మాత్రం బిన్ ఒప్పుకోదు. ఖాళీల జాబితా రాయడానికి అందులో చోటే లేదు.

ఐటీహెచ్, ఎస్‌రెక్: ఈ రెండూ మెషీన్ కోడ్‌ను మామూలు అక్షరాలుగా రాసే ఫార్మాట్లు. మొదటిది ఇంటెల్ హెక్స్, 1973 నాటిది. రెండోది మోటరోలా వాళ్ళది. కాగితపు టేపు మీద చిల్లులు కొట్టి ప్రోగ్రాంలు ఎక్కించే కాలంలో పుట్టాయి. ఆ కాలపు కంప్యూటర్లు మన దగ్గరా తయారయ్యాయి. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12, టీడీసీ-316 వంటి కంప్యూటర్లను తయారుచేసింది. టేపు చిరిగినా, ఒక చిల్లు తప్పినా పట్టుకోవాలి కాబట్టి హెక్స్ ఫైల్లో ప్రతి వరుస చివరా ఒక తనిఖీ అంకె ఉంటుంది. మన పది బైట్లు ఇంటెల్ హెక్స్‌లో ఒకే వరుస. ముందు ఒక కోలన్ గుర్తు, తర్వాత ఇలా:

0ఎ 0000 00 బి402బి241సిడి21బి44సిసిడి21 71

(చదవడానికి వీలుగా ఖాళీలు ఇచ్చాం. ఫైల్లో ఖాళీలుండవు.) 0ఎ అంటే పది బైట్లు, 0000 చిరునామా, 00 అంటే డేటా వరుస. చివరి 71 తనిఖీ అంకె. మీరే లెక్క వేసి చూడండి. పది బైట్లను మామూలు అంకెల్లోకి మార్చి కూడితే 1157. దానికి వరుస మొదట్లోని 10 కలిపితే 1167. అందులోంచి 256ను నాలుగుసార్లు తీసేస్తే 143 మిగులుతుంది. 256లో 143 పోతే 113. హెక్స్‌లో అది 71. ఒక్క బైటు మారినా ఈ లెక్క తప్పుతుంది. ఈప్రామ్ చిప్పుల్లోకి, మైక్రోకంట్రోలర్లలోకి ప్రోగ్రాం ఎక్కించేవారు ఈ ఫార్మాట్ నేటికీ వాడుతున్నారు.

ఓబీజే: ఇది ఇంటెల్ నిర్వచించిన ఓఎంఎఫ్ ఫార్మాట్. డాస్ కాలపు మాస్మ్, టాస్మ్, వాటి లింకర్లు మాట్లాడుకున్న భాష ఇదే. ఫైలు అంతా చిన్న చిన్న రికార్డులుగా ఉంటుంది. ప్రతి రికార్డుకూ మొదట రకం, తర్వాత పొడవు, లోపల విషయం, చివర తనిఖీ బైటు. మొదటి రికార్డు హెక్స్ 80తో మొదలవుతుంది, అందులో మాడ్యూల్ పేరు ఉంటుంది. సెగ్మెంట్లకు 98, బయటికిచ్చే పేర్లకు 90, బయటి నుంచి కావలసిన పేర్లకు 8సి, అసలు కోడ్‌కు ఎ0, పూరించవలసిన ఖాళీలకు 9సి. మా సీనియర్ అన్న డీబగ్‌లో మనవాడి ఫైలు తెరిచి చూపించాడు. మొదటి బైటు 80 ఉండవలసిన చోట బి4 ఉంది. 'హైఫన్ ఎఫ్ ఓబీజే' అని రాసి, ప్రోగ్రాం ఎక్కడ మొదలవ్వాలో 'డాట్ డాట్ స్టార్ట్' అనే పేరుతో చెప్పి, మళ్ళీ అసెంబుల్ చేస్తే లింకర్ తీసుకుంది. స్టాక్ సెగ్మెంట్ లేదని హెచ్చరించినా ప్రోగ్రాం నడిచింది.

ఏఅవుట్: యునిక్స్ తొలి రోజుల ఫార్మాట్. 'అసెంబ్లర్ అవుట్‌పుట్' అనే మాటలను కుదించిన పేరు. లినక్స్ కూడా మొదట్లో దీన్నే వాడింది. 1995 ప్రాంతంలో ఈఎల్ఎఫ్‌కు మారింది. 2022లో లినక్స్ కెర్నెల్ నుంచి దీన్ని పూర్తిగా తొలగించారు. అయినా నేటికీ సీ ప్రోగ్రాంకు పేరు పెట్టకుండా కంపైల్ చేస్తే వచ్చే ఫైలు పేరు 'ఏ డాట్ అవుట్' అనే ఉంటుంది. లోపలి ఫార్మాట్ మారినా పాత పేరు మిగిలింది.

కాఫ్, విన్32, విన్64: కాఫ్‌ను ఏటీ అండ్ టీ వాళ్ళు యునిక్స్ సిస్టమ్ ఫైవ్ కోసం తెచ్చారు. 1993లో విండోస్ ఎన్‌టీతో మైక్రోసాఫ్ట్ దాన్ని తన అవసరాలకు మార్చుకుని వాడింది. నేటి విండోస్ ఆబ్జెక్ట్ ఫైళ్ళు ఆ వంశానివే. తలకట్టు 20 బైట్లు, ఒక్కొక్క సెక్షన్‌కూ 40 బైట్ల వివరం. ఇక్కడొక చిక్కు ఉంది. విండోస్‌లో ఈ ఫైళ్ళకూ చివర ఓబీజే అనే ఉంటుంది, డాస్ కాలపు ఓఎంఎఫ్ ఫైళ్ళకూ ఓబీజే అనే ఉంటుంది. పేరు ఒకటే, లోపల వేరు. ఒకదాని లింకర్‌కు ఇంకొకదాన్ని ఇచ్చి తల పట్టుకున్నవాళ్ళు మాలోనే ముగ్గురున్నారు.

ఈఎల్ఎఫ్32, ఈఎల్ఎఫ్64: యునిక్స్ సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలతో వచ్చిన ఫార్మాట్. నేడు లినక్స్ అంతటా ఇదే. ఆబ్జెక్ట్ ఫైలు, నడిచే ప్రోగ్రాం, లైబ్రరీ అన్నిటికీ ఒకే ఫార్మాట్ సరిపోవడం దీని గొప్ప. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోనుంటే అందులోని మెషీన్ కోడ్ లైబ్రరీలు కూడా ఈఎల్ఎఫ్ ఫైళ్ళే. 64 బిట్ల రకంలో తలకట్టు ఒక్కటే 64 బైట్లు. అంటే మన పది బైట్ల సరుకుకు ఆరు రెట్లకు మించి చీటీ. చిన్న ప్రోగ్రాంకు ఇది దండగ అనిపిస్తుంది. వెయ్యి ఫైళ్ళు కలిపే చోట దాని విలువ తెలుస్తుంది.

మాక్‌ఓ32, మాక్‌ఓ64: ఆపిల్ కంప్యూటర్లకు చెందినవి. దీని మూలం అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1985లో మొదలైన మ్యాక్ అనే పరిశోధన. అక్కడి నుంచి నెక్స్ట్‌స్టెప్‌కు, దాని ద్వారా ఆపిల్‌కు వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న డాక్టర్ రాజ్ రెడ్డి గారు పనిచేసిన విశ్వవిద్యాలయం అదే. 1991 నుంచి 1999 వరకు అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూలుకు ఆయన డీన్. మ్యాక్ ఆయన చేసినది కాదు, ఆయన పేరు కృత్రిమ మేధలోనూ మాటలను గుర్తించే కంప్యూటర్లలోనూ వినిపిస్తుంది. పల్లెటూరి బడి నుంచి వెళ్ళిన మనిషి అలాంటి చోట పెద్ద కుర్చీలో కూర్చున్నారని మీకు తెలియాలని ఈ మాట రాశాం.

నాస్మ్ వాళ్ళు సొంతంగా చేసుకున్న ఆర్‌డీఎఫ్ అనే ఫార్మాట్ కూడా ఒకటి ఉండేది. వాడేవారు లేక తర్వాతి వెర్షన్లలో తీసేశారు. చదివేవాళ్ళున్నంత కాలమే ఏ ఫార్మాటైనా బతుకుతుంది.

మిగతా అసెంబ్లర్ల సంగతి

డాస్ కాలపు మాస్మ్ ఓఎంఎఫ్ మాత్రమే ఇచ్చేది. తర్వాతి వెర్షన్లలో 'స్లాష్ కాఫ్' అని అడిగితే కాఫ్ ఇచ్చింది. 64 బిట్ల మాస్మ్ ఇచ్చేది కాఫ్ మాత్రమే. లినక్స్‌లో ఉండే గ్నూ అసెంబ్లర్ పేరు 'యాజ్'. అందులో నాస్మ్‌లా ఫార్మాట్ పేరు అడిగే పద్ధతి లేదు. ఏ యంత్రం కోసం దాన్ని తయారుచేశారో ఆ యంత్రపు ఫార్మాట్‌లోనే ఇస్తుంది. ఇంటెల్ తరహా లినక్స్ యంత్రం మీద 32 బిట్లా, 64 బిట్లా అన్నది మాత్రం మనం చెప్పవచ్చు.

చీటీని గుర్తుపట్టడం

ఫైలు పేరును నమ్మకండి, మొదటి బైట్లను చూడండి. లినక్స్‌లో 'ఫైల్' అనే కమాండ్ పక్కన ఫైలు పేరు రాస్తే అదే చూసి చెబుతుంది. బైట్లు మీరే చూడాలంటే 'ఎక్స్ఎక్స్‌డీ' కమాండ్ వాడవచ్చు. ఈ చిన్న పట్టిక నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకోండి:

80 - ఓఎంఎఫ్
4సి 01 - కాఫ్, 32 బిట్ల ఇంటెల్
64 86 - కాఫ్, 64 బిట్లు
7ఎఫ్ 45 4సి 46 - ఈఎల్ఎఫ్ (అయిదో బైటు 01 అయితే 32 బిట్లు, 02 అయితే 64)
సిఎఫ్ ఎఫ్ఎ ఇడి ఎఫ్ఇ - మాక్‌ఓ, 64 బిట్లు
3ఎ (కోలన్ గుర్తు) - ఇంటెల్ హెక్స్
53 (ఎస్ అక్షరం) - మోటరోలా ఎస్ రికార్డు

వీటిలో ఏదీ కాకుండా నేరుగా ఆదేశాల బైట్లే కనిపిస్తే అది బిన్ అయి ఉండవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

ఒకటి, హైఫన్ ఎఫ్ మరిచిపోవడం. దీని కథ పైన చెప్పాం.

రెండు, 'ఆర్గ్' రాసిన ప్రోగ్రాంను ఈఎల్ఎఫ్‌కో విన్32కో ఇవ్వడం. చిరునామాలు కేటాయించేది అక్కడ లింకర్. మనం ముందే చెప్పడం కుదరదు. బిన్‌కూ, దాని బంధువులైన హెక్స్ రకాలకూ మాత్రమే ఆర్గ్ పనిచేస్తుంది.

మూడు, పేరు ముందు అండర్‌స్కోర్. సీ భాషలోని 'ప్రింట్‌ఎఫ్'ను అసెంబ్లీ నుంచి పిలవాలంటే విన్32లోనూ మాక్‌ఓలోనూ ఆ పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టాలి. ఈఎల్ఎఫ్‌లోనూ విన్64లోనూ పెట్టకూడదు. 'అన్‌డిఫైన్డ్' అని లింకర్ అరిస్తే మొదట చూడవలసింది ఈ గీతనే.

నాలుగు, ఫార్మాట్ మారిస్తే ప్రోగ్రాం వేరే సిస్టమ్‌లో నడుస్తుందనుకోవడం. మన పది బైట్లను ఈఎల్ఎఫ్64లో పెట్టి, లింక్ చేసి లినక్స్‌లో నడిపితే 'ఎ' రాదు. సిడి 21 అనేది డాస్‌ను పిలిచే పిలుపు. లినక్స్‌లో దానికి పలికేవారు లేరు. చీటీ మార్చినప్పుడు, అవతలివాడికి కావలసిన సరుకు కూడా మన దగ్గర ఉండాలి.

చివరిగా

ఆ సెలవులయ్యాక మనవాడు మళ్ళీ ల్యాబ్‌కు వెళ్ళాడు. ఈసారి ఫ్లాపీతో పాటు ఒక కాగితం తీసుకెళ్ళాడు. దాని మీద 80, 98, 90, 8సి అని రికార్డుల రకాలు రాసుకున్నాడు. ప్రోగ్రాం నడిచింది. అప్పుడు నవ్విన పక్కవాళ్ళలో ఒకడు, తన ఫైలు కూడా లింక్ అవడం లేదని వీడి దగ్గరికే తెచ్చాడు. ఇప్పుడు మనవాడు ఇతరులు రాసిన ప్రోగ్రాంలలో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ అన్న ఇప్పటికీ కొబ్బరి వలుపుకే వెళ్తాడు. తమ్ముడి డిప్లొమా ఫీజు ఆయన వలిచిన కాయల మీదే కట్టారు. ఆ సంగతి వ్యాసంలో తప్పక రాయమని మనవాడు అడిగాడు.

మన హాస్టల్ నుంచి పెద్ద చదువులకు వెళ్ళినవాళ్ళకు తెర మీద ఇంగ్లీషులో తప్పు అని రాగానే 'మనకు రాదు' అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించేది. ఆ రెండు వారాల్లో అతన్ని ఇంచుమించు చదువు మాన్పించినది ఒక హైఫనూ నాలుగు అక్షరాలూ. అలాంటి తప్పు వచ్చినప్పుడు ఫైలు సైజు చూడండి, మొదటి బైట్లు చూడండి, దాన్ని తర్వాత చదివేది ఎవరో అడగండి. అప్పటికీ తేలకపోతే మమ్మల్ని అడగండి. మా ఫోన్ నంబర్లు హాస్టల్ రిజిస్టర్‌లో రాసి పెట్టాం.

ఈ సంవత్సరం కంప్యూటర్లు తీసుకున్న తమ్ముళ్ళందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

పూర్వ విద్యార్థులు,
మలికిపురం హాస్టల్